బాగున్నామని చెప్పిన ఊరు

జ్యేష్ఠ శుద్ధ పంచమి

ఈరోజు కూడా అంకమ్మత్త, మా స్టేషన్లో మాట్లాడే పెట్టె కంటికి కాటుక పూసేసింది. దానికి కరెంటిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడవడానికి నేను డాబా ఎక్కి దిగేలోపు పని కానిచ్చి, ఏమీ ఎరగనట్టు మెట్ల మీద కూర్చుంది. లోపల పెట్టె మాత్రం "దృశ్యం అస్పష్టంగా ఉంది, దయచేసి కటకాన్ని శుభ్రం చేయండి" అని ఒకటే నస.

"అత్తా, అది దాని కన్ను. దానికే నల్ల చుక్క పెడితే ఇంకేం కనపడుద్ది? బుగ్గన పెట్టకూడదా?"

"దానికి బుగ్గ ఏడుందో నువ్వు చూపియ్యి, ఆడే పెడతా" అంది. "ఈ కట్ట మొత్తానికి మంచి చేసే వస్తువు అదొక్కటే. ఊరి కళ్లన్నీ దాని మీదే. ఎన్నాళ్లని ఓర్చుకుంటది?"

పెట్టె ఇచ్చినవాళ్లు రోజూ చేసిన పని రాసి పంపమన్నారు కాబట్టి రాస్తున్నాను. స్టేషన్ సేవిక భ్రమరాంబ కటకం శుభ్రం చేసింది. మసకబారడానికి కారణం, ప్రేమ.

తర్వాత బావులు. సముద్రం పొలాలన్నీ మింగి కరకట్ట దగ్గర ఆగాక మాకు మిగిలింది ఈ కట్ట, దాని మీద ఇళ్లు, మూడు బావులు. పోటుని బట్టి ఏ బావిలోకి ఎప్పుడు ఉప్పు దిగుతుందో ఆ బ్రహ్మకే తెలియాలి. పొద్దున్నే ఉప్పు కొలిచే కొలకడ్డీ మూడింటిలోనూ ముంచితే, పెట్టె ఆ అంకెలు ఎక్కడికో పంపి, ఏ నీళ్లు ఎవరు తాగాలో చెబుతుంది. "బడి బావి పిల్లలకు, గర్భిణులకు. మిగతావారు రేవు బావి వాడుకోవచ్చు. తుమ్మల బావి పశువులకు కూడా వద్దు" అంది ఇవాళ.

గర్భిణులు అన్న మాట వినపడగానే కడవలతో వచ్చిన ఆడవాళ్లంతా తలో దిక్కు చూశారు. ఊళ్లో ఇప్పుడు కడుపుతో ఉన్నది మా తమ్ముడు ఏడుకొండలు పెళ్లాం నాంచారి ఒక్కతే. అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. ఇంతకు ముందు దానికి రెండు కడుపులు నిలవలేదు.

అందరూ వెళ్లాక నాంచారి పెరటి దారిన వచ్చింది, పొట్ట మీదికి కొంగు లాక్కుంటూ. చేతికి పట్టీ చుట్టాను. పట్టీ చూసిన రక్తపోటు పెట్టెలోంచి పోయి, మెట్ట మీద ఎక్కడో ఉన్న డాక్టరమ్మకి చేరుతుంది. కాసేపటికి ఆమె గొంతు వచ్చింది. మాత్ర ఇప్పుడున్నట్టే వేసుకోమంది.

"ఏమంటంది వదినా?"

"బాగుందంటంది. నీదీ, లోపలివాళ్లదీ."

"అట్టా పైకి అనమాక!" అని పక్కకి తిరిగి థూ థూ అని ఊసింది. సగం నా చెంగు మీద పడింది.

జ్యేష్ఠ పౌర్ణమి

కుశలప్రశ్న రోజు. పక్షానికొకసారి ఇంటికొకరు వచ్చి పెట్టె ముందు కూర్చోవాలి. నీళ్లెలా ఉన్నాయి, ఆరోగ్యమెలా ఉంది, ఈ సేవ వల్ల మేలు కలిగిందా అని అడుగుతుంది. జవాబులన్నీ దూరబంధు వాళ్లకి పోతాయి. దూరబంధు అంటే ఒక్క సంస్థ కాదు. లాభం కోరని చిన్న చిన్న సంఘాలు చేతులు కలిపి, ఏ కంపెనీ తొంగిచూడని బీద ఊళ్లలో ఇలాంటి పెట్టెలు పెట్టి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట అందించే గొలుసు కట్టుకున్నాయి. ఆ గొలుసులో మాదొక కొస.

అంకమ్మత్త కూర్చుంది. ఈ పెట్టె పిలిచిన పడవాస్పత్రిలోనే ఆమె కంటి పొర తీశారు. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తుంది, మా అందరికీ ఎక్కించి పెడుతుంది.

"ఏం చూపో, ఏం పాడో. పోయే కాలం" అంది పెట్టెతో.

నాంచారి కూర్చుంది. "ఏం చెప్పమంటారు, ఈడస్తన్నాం."

రొయ్యలు పట్టే రత్తయ్య కూర్చున్నాడు. వాడి కూతురికి ఫిట్స్ వస్తే పెట్టె చెప్పిన మందుతోనే పిల్ల బతికింది. "ఏదో, ప్రాణాలు ఉండాయి" అని లేచిపోయాడు.

"మార్పు లేదు అని నమోదు చేస్తున్నాను" అంటుంది పెట్టె, ప్రతి ఒక్కరికీ అదే మర్యాదతో.

మా దగ్గర పసిబిడ్డని చూసి ముద్దుగా ఉందంటే తల్లి మొహం మాడ్చుకుంటుంది, కోతిపిల్లలా ఉందంటే మురిసిపోతుంది. పెట్టెకి ఇవన్నీ చెప్పాలని నాకు తట్టలేదు. తట్టదు కూడా, చేపకి నీళ్ల సంగతి తట్టనట్టే. నా వంతు వచ్చినప్పుడు నేనూ "ఏదో ఇలా ఉన్నాం" అనే అన్నాను.

ఆషాఢ బహుళ ఏకాదశి

సుమేధ మాట్లాడింది. మా వరుస ఊళ్లన్నిటికీ దూరబంధు తరఫున ఆమే సమన్వయకర్త. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గొంతే పరిచయం. ఇవాళ ఆ గొంతు నలిగినట్టుంది.

"భ్రమరాంబ గారూ, మీ జవాబుల్ని బట్టి గీసే మీ ఊరి గీత మొదటి నుంచీ అడ్డంగానే ఉంది. పైకి లేవలేదు. మేలు జరగని చోట సేవ ఎందుకని మా సంఘాల సమాఖ్యలో అడుగుతున్నారు. దసరా లోపు మార్పు కనపడకపోతే ఆకాశం మీదుగా మీ పెట్టె మాట పోయే దారి ఆపేస్తారు."

"మేలు జరగలేదని ఎవడన్నాడమ్మా?"

"మీ ఊరివాళ్లే. అందరూ. ప్రతి పక్షమూ."

ముందు నవ్వొచ్చింది. తర్వాత సంగతి తలకెక్కింది. దారి ఆగితే పెట్టె ఉన్నా లేనట్టే. పట్టీ చూసింది డాక్టరమ్మకి చేరదు, బావి నీళ్ల కబురు రాదు, పడవాస్పత్రిని పిలిచే గొంతు ఉండదు. నాంచారికి కార్తీకంలో నెలలు నిండుతాయి. ఉప్పు నీళ్లు తాగే ఊళ్లలో రక్తపోటు పొంగి కడుపులు పోతాయని, నాంచారికి ఆ ముప్పు ఉందని డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది.

మా దిష్టి గురించి సుమేధకి చెప్పాను. ఓపిగ్గా వింది. "నాకు అర్థమైంది. కానీ సమాఖ్యలో ఎవరూ మీ ఊరు చూడలేదు. వాళ్లకి కనపడేది గీతే. ఒక్కసారి నిజం చెప్పించండి" అంది.

శ్రావణ శుద్ధ సప్తమి

స్టేషన్ ముందు ఊరంతా కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. అంతే, నేనేదో బట్టలిప్పమన్నట్టు చూశారు.

"మంచిని పేరు పెట్టి పిలిస్తే పారిపోద్ది" అంది అంకమ్మత్త. "మా అత్త చెప్పింది. ఆమెకి ఆమె అత్త చెప్పింది."

"మీ అత్తకి అత్త నాడు పెట్టె ఉందా?"

"పెట్టె లేదు. కళ్లు ఉండాయిగా."

పెట్టె పోతుందన్నాను. వాళ్లకే అర్థమవుతుందిలే అన్నాడు రత్తయ్య, ఇన్నేళ్లూ ఊరికే పెట్టారా అన్నాడు. వాడి ధీమా చూసి నాకు ఒళ్లు మండింది. ఎవరికి వాళ్లు లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం నాంచారి దగ్గరికెళ్లాను. వల బాగుచేస్తూ కూర్చుంది. పాదాలు కాస్త ఉబ్బి ఉన్నాయి.

"ముందు నువ్వు చెప్పు. భయపడాల్సిన నువ్వే చెబితే మిగతావాళ్లు నోరు విప్పుతారు."

"చెప్తే పోద్దేమో వదినా."

"చెప్పకపోతే ఖాయంగా పోద్ది."

వల ముడి ఒకటి బిగించింది. "నాకైతే మనసొప్పటంలా. నువ్వు చెప్తన్నావని చెప్తా" అంది.

అంకమ్మత్త చివరికి ఒక బేరానికి దిగింది. చెప్పే ప్రతివాళ్లకీ చెప్పేముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీయాలి. పెట్టెకి కూడా తీయాలి. ఒప్పుకున్నాను. ఉప్పుకి మాకేం కరువు!

శ్రావణ పౌర్ణమి

ఇలాంటి రోజు ఈ కట్ట మీద ఇంకోటి రాదు. స్టేషనంతా మిరపకాయల ఘాటు, అందరికీ దగ్గులు. పెట్టె ఆ పొగకి హెచ్చరిక మోగిస్తూనే ఉంది.

నాంచారి ముందు కూర్చుంది. పొట్ట మీదికి కొంగు లాక్కుంది. పెట్టె మళ్లీ అడిగింది.

"నాకు ఏడో నెల" అంది. "బిడ్డ కదుల్తంది. పొద్దున లేత్తానే కాలితో తంతది. ముందు రెండూ ఐదో నెల దాటలా. ఇది దాటింది. ఈ పట్టీ వల్లే, ఈ డాక్టరమ్మ వల్లే. నేను... బాగుండా."

ఆ మాట అన్నాక తనే బిత్తరపోయి మా మొహాల్లోకి చూసింది. అంకమ్మత్త నాలుగు దిక్కులకీ తిరిగి థూ థూ థూ అంది.

ఇంక కట్ట తెగినట్టే అయింది. ఎలాగూ చెప్పకూడనిది చెప్పేస్తున్నాం కదా, చెప్పేదేదో పూర్తిగా చెప్పేద్దామనుకున్నారు. ఈ జన్మకి ఇదొక్కసారే అన్నట్టు, ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా కుమ్మరించారు. రత్తయ్య కూతురి సంగతి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. తన పిల్ల ఇప్పుడు ఊళ్లో అందరికంటే గట్టిగా ఉరుకుతుందన్నాడు. నీళ్ల విరేచనాలు మర్చిపోయామన్నారు. పిల్లలు పెట్టె దగ్గరే చదవడం నేర్చారన్నారు. "మాకేం, రాజాల్లే ఉండాం" అన్నాడొకడు, వాడి ఇంటి చూరు మొన్న గాలికే లేచిపోయింది. అంకమ్మత్త చివరగా కూర్చుని, "ఈ వయసులో సూదిలో దారం ఎక్కిత్తన్నా. ఎవరికీ లేని చూపు నాది. రాసుకో" అంది.

"సంతోషం. మెరుగుదల నమోదు చేస్తున్నాను" అంది పెట్టె. మొదటిసారి అందరం చప్పట్లు కొట్టాం. నాకైతే ఏడుపొచ్చింది. ఇక్కడివాళ్లు సంతోషంగా ఉన్నారని నాకే ఇవాళ తెలిసింది.

భాద్రపద బహుళ తదియ

సుమేధ పిలిచింది. శుభవార్తే అనుకుని అందర్నీ పిలిచి పెట్టె గొంతు పెంచాను.

"మీ గీత ఒక్కసారిగా పైకి లేచింది. అడుగున ఉన్న ఊరు అన్నిటికంటే పైకి వెళ్లింది" అంది. రత్తయ్య ఈల వేశాడు. ఈల ఆగాక ఆమె మిగతాది చెప్పింది. "సమాఖ్య మిమ్మల్ని ఉత్తీర్ణ గ్రామంగా ప్రకటించింది. అంటే మీకు ఇక ఆసరా అక్కర్లేదని. మీ దారి ఇంకా బీదగా ఉన్న ఊరికి మారుస్తున్నారు."

"మాకు అర్థం కాలా, ఇంకోసారి చెప్పమను" అంది నాంచారి నాతో.

అందర్నీ పంపేశాక సుమేధ మీద అరిచాను. మేలు లేదంటే తీసేస్తారు, మేలు ఉందంటే తీసేస్తారు, ఇదెక్కడి న్యాయమన్నాను. ఎంత మేలుంటే ఉంచుతారో అదైనా చెప్పండి, అంతే చెప్పిస్తానన్నాను.

ఆమె అడ్డం రాలేదు. "మా దగ్గర ఉన్న దారులే కొన్ని. ఆకాశంలో పాత ఉపగ్రహాలు రాలిపోతున్నాయి, కొత్తవి ఎగరేసే స్తోమత మాకు లేదు. ఒక ఊరికి ఇవ్వాలంటే ఇంకో ఊరికి తీయాలి. ఈసారి తోకలంకకి ఇస్తున్నారు. అక్కడ వానాకాలమంతా పిల్లలు పోయారు."

తోకలంక నాకు తెలుసు. పడవలో పోటు అనుకూలిస్తే ఒక పూట ప్రయాణం. తాటాకు పాకలు, ఒకే ఒక్క బావి. వాళ్లకి వద్దని ఏ నోటితో అనను? తిట్టడానికి మనిషి దొరకని కష్టం ఎంత పాడుదో ఇవాళ తెలిసింది.

నాంచారి కాన్పు దాకా ఉంచమని బతిమాలాను. అడిగి చూశానంది. ఒక్క మనిషికని ఒక ఊరిని ఆపలేమన్నారట.

"తిరిగి రావాలంటే?" అని అడిగాను.

చెప్పడానికి తటపటాయించింది. "సేవ ఉండి ఉంటే తప్పిపోయే నష్టం... ప్రాణనష్టం ఏదైనా జరిగితే, మళ్లీ అర్హత వస్తుంది. అలాంటిది జరగకూడదనే కోరుకుంటున్నాను."

ఆశ్వయుజ బహుళ విదియ

పెట్టె నుదుటి పచ్చ దీపం ఇవాళ ఆరిపోయింది. కడసారి "మీ స్వావలంబనకు అభినందనలు" అంది. ఇప్పుడది వింటుంది, మాట్లాడుతుంది, ఎవరికీ ఏదీ చేర్చదు.

"చెప్పాను గదే" అంది అంకమ్మత్త. కోపంగా కాదు. నా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యేసి అంది. అందుకే ఇంకా బాధగా ఉంది.

రోజూ రాసేది ఇక ఎవరికీ పోదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

ఆశ్వయుజ అమావాస్య

కొలకడ్డీ అంకెల్ని పెట్టెకి పంపుతుంది కానీ, తేల్చి చెప్పే మెదడు దారి అవతల ఉంది. కాబట్టి బావుల్ని నాలుకతో చూస్తున్నాం. బడి బావి తియ్యగా ఉందని ఒకరు, కాదు రేవు బావి అని ఇంకొకరు. తరాలుగా ఉప్పు తిన్న నాలుకలు. మాకు అన్నీ తియ్యగానే ఉంటాయి. నాంచారికి వాన నీళ్లు పట్టి ఇస్తున్నాం. రెండు వారాలుగా వాన లేదు, తొట్టి అడుగంటింది.

పట్టీ మాత్రం అంకె చూపిస్తుంది. ఎక్కువో తక్కువో నాకు తెలుసు. ఎక్కువైతే ఏ మాత్ర ఎంత వెయ్యాలో తెలియదు. ఇవాళ ఎక్కువుంది. ఏడుకొండలు నాంచారిని పడవెక్కించి ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు. పెద్ద పోటు రోజుల్లో ఆ అలల మీద కడుపుతో ఉన్నదాన్ని ఎలా తీసుకెళ్తావని ఆపాం. అమావాస్య పోటు తగ్గాక వెళ్దామనుకున్నాం.

కార్తీక శుద్ధ చవితి

పొద్దున నాంచారి తలనొప్పి అంది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. ఏడుకొండలు ఒంటరిగా తోకలంకకి తెడ్డేశాడు, మా దారి ఇప్పుడు అక్కడే ఉంది కదా. అక్కడి పెట్టెతో పడవాస్పత్రిని పిలవాలి. పోటు ఎదురు.

మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. అంకమ్మత్త పళ్ల మధ్య గుడ్డ పెట్టబోతే రత్తయ్య ఆపాడు, అలా చేయకూడదని తన కూతురికి వచ్చినప్పుడు పెట్టె చెప్పిందని. పక్కకి తిప్పి పడుకోబెట్టాం. చేయగలిగింది అంతే. పెట్టె ముందుకెళ్లి డాక్టరమ్మా డాక్టరమ్మా అని అరిచాను. "మీ సందేశం భద్రపరచబడింది" అంది.

ఎండ దిగేవేళకి పడవాస్పత్రి వచ్చింది. తోకలంక వాళ్లు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదట. వాళ్ల మనుషులు ఇద్దరు ఏడుకొండలుకి తోడుగా వచ్చారు కూడా. నాంచారి దక్కింది.

ఆడపిల్ల. నిండుగా ఉంది, తల నిండా జుట్టు. ఏడవలేదు.

ఇన్నాళ్లూ ఎవరూ అనని మాట అంకమ్మత్త అంది, ఆ బిడ్డని గుడ్డలో చుడుతూ. "ఎంత ముద్దుగా ఉందో చూడండే." పొట్ట చీల్చుకొచ్చినంత ఏడుపు వచ్చింది నాకు. చెప్పించింది నేను. బిడ్డని తీసుకుపోయింది దిష్టో, గీతో, ఉప్పో. చెప్పించింది నేను.

కార్తీక బహుళ దశమి

పడవాస్పత్రి నర్సు మళ్లీ వచ్చింది, నాంచారిని చూడటానికి. సుమేధ పంపిన, మాటలు పట్టి ఉంచే చిన్న మరపెట్టె ఒకటి తెచ్చింది. అందులో ఎవరైనా జరిగింది చెప్పాలి. "సేవ ఉండి ఉంటే ఈ నష్టం తప్పేది" అన్న మాట అందులో ఉండాలి. అప్పుడే అర్హత.

ఆ బిడ్డని పట్టుకెళ్లి బేరం పెట్టినట్టు ఉంది. వద్దని నర్సుకి తిరిగి ఇచ్చేయబోయాను.

"చెప్పు వదినా" అంది మంచంలోంచి నాంచారి. "రత్తయ్య కోడలికి నెల తప్పిందంట. దానికన్నా పెట్టె ఉండాల."

ఆ సంగతి కూడా ఎవరూ పైకి అనలేదు. నాంచారే ముందుగా అంది.

చెప్పాను. వాళ్లు కోరిన మాట కూడా చెప్పాను. అది నిజం కాబట్టి ఎక్కడా తడబడలేదు.

మాఘ పౌర్ణమి

పచ్చ దీపం వెలిగింది. "అర్హత పునరుద్ధరించబడింది. స్వాగతం" అంది పెట్టె. ఈసారి ఎవరి దారి తీసి మాకిచ్చారో నేను అడగలేదు. సుమేధ కూడా చెప్పలేదు.

బడి బావి పిల్లలకు, గర్భిణులకు అంది. రత్తయ్య కోడలు నేల చూపులు చూసింది.

కుశలప్రశ్న రోజు కూడా ఇదే. ఎవరూ ముందుకు రాలేదు. మళ్లీ ఏదో ఇలా ఉన్నాం అంటే తీసేస్తారా, బాగున్నాం అంటే తీసేస్తారా, ఎవరికీ తెలియదు. అంకమ్మత్త కాటుక డబ్బీ తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కానీ మూత తీయలేదు.

నాంచారి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. పొట్ట మీదికి కొంగు లాక్కోలేదు.

"గత పక్షం కంటే మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగుండా."

భయం లేదు, వెనక్కి తిరిగి మా మొహాల్లోకి చూడనూ లేదు.

"మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?"

"బాగుండాం. చానా బాగుండాం. ఎంత కావాలంటే అంత రాసుకో, నా దగ్గర ఇంక దిష్టి తగలడానికేం లేదు."

"సంతోషం" అంది పెట్టె. "మెరుగుదల నమోదు చేస్తున్నాను."

అలవాటు కొద్దీ అందరం అంకమ్మత్త వైపు చూశాం. ఆమె థూ అనలేదు.